రంగులు చూసే మనిషి

మద్దిలపాలెం కంప్యూటర్ల షాపులో రెండు మానిటర్ల మీద ఒకే పెళ్లికూతురి ఫొటో పెట్టారు.

"రంగులు ఏది సరిగ్గా సూపిస్తందో నువ్వే సెప్పు," అన్నాడు ఫొటో స్టూడియో తాతబాబు, భార్య మహేశ్వరితో.

"రేపట్నుంచి నాను ఉక్కునగరం బడిలో ఉద్యోగానికి ఎల్తన్నాను గదా బావ. ఇంక నువ్వే సూసుకోవాల."

పదకొండేళ్లుగా ఆమెను అతను ఎడిటింగ్ కుర్చీలోంచి కదలనివ్వలేదు. అది పెత్తనమనే ఆమె అనుకుంది.

తాతబాబు గొంతు తగ్గించాడు. "ఆ సీర ఎరుపో, ఆకుపచ్చో నాకు తెల్దు. సిన్నప్పట్నుంచీ ఇంతే. ఎవులికీ సెప్పలేదు."

ఇన్నేళ్ల కోపం ఇప్పుడు ఎవరి మీద చూపాలో మహేశ్వరికి తెలియలేదు.

"దీని మీద పని చేసేదెవరమ్మా?" అడిగాడు షాపతను.

తాతబాబు తల దించుకున్నాడు.

"నానే. ఎడమపక్కది ఇవ్వండి," అంది మహేశ్వరి. ఉద్యోగానికి రాలేనని బడికి ఫోన్ చేయడానికి బయటికి నడిచింది.