ఆదివారం లోపు సింగపూర్

"లావుది కాదండీ, పనికొచ్చేది ఇవ్వండి," అన్నాడు యలమందయ్య.

గుంటూరు బ్రాడీపేటలో మొహిద్దీన్ బాషా పుస్తకాల కొట్టు అది. పెదనందిపాడులో పురుగుమందులు అమ్ముకునే యలమందయ్య పుస్తకాల కొట్టుకి రావడం, పిల్లల టెక్స్ట్‌బుక్కుల రోజుల తర్వాత మళ్లీ ఇదే. దేశాల పుస్తకాలన్నీ మేడమీద పెట్టారు. గోడ పట్టుకుని, కిందికి చూడకుండా మెట్లెక్కాడు.

"కళ్లు తిరుగుతాయాండీ?" అనడిగాడు బాషా.

"చిన్నప్పట్నుంచీ అంతేలెండి. కాళ్ల కింద నేలుంటేనే నాకు ధైర్యం."

"సింగపూర్ అంటున్నారు. మరి విమానం?"

"దాందేముంది, కూర్చునే పనే కదా," అన్నాడు యలమందయ్య. అన్నాక మంచినీళ్లడిగి తాగాడు.

సంగతేమిటంటే, ఆ ఏడాది పత్తి మీద పచ్చపురుగు విరుచుకుపడింది. రైతు ఏడ్చిన ఏడు మందుల కొట్టుకి పండగ. యలమందయ్య అమ్మకాలు టార్గెట్ దాటాయి. కంపెనీవాళ్లు డీలర్లకి సింగపూర్ టూరు పెట్టారు. చుట్టుపక్కల మండలాల్లో ఎంపికైంది తనొక్కడే. ఆ కబురు సగం ఊరికి భార్య వెంకటేశ్వరమ్మ పంచింది. మిగతా సగానికి తనే తిరిగి పంచాడు. నోరు ఊరుకుంటేగా.

అక్కడే వచ్చింది చిక్కు. రెండేళ్ల కిందట పక్కూరి డీలరు రాఘవులు ఇలాగే బ్యాంకాక్ వెళ్లొచ్చాడు. ఊరెలా ఉందిరా అని నలుగురూ అడిగితే, "ఏసీ బాగా వేశార్రా," అన్నాడు. అంతే, ఆనాటి నుంచి అతను ఏసీ రాఘవులు. కూతురి శుభలేఖ మీద ఇంటిపేరుతో సహా అచ్చేయించినా, ఇతనెవరని అడిగినవాళ్లున్నారు. ఈ వైపు ఒకసారి పేరు పడితే మనిషి పోయినా పేరు పోదు. పైగా రాఘవులికి ఆ పేరు పెట్టింది సాక్షాత్తూ యలమందయ్యే. కాబట్టి తనకేం పేరు కాచుకుని ఉందోనని అతనికి నిద్ర పట్టడం లేదు.

అది చాలదన్నట్టు బావమరిది గోపాలకృష్ణ ఫోన్ చేశాడు. పొగాకు వ్యాపారం మీద సింగపూర్ చూసినవాడతను. "బావా, ఆదివారం భోజనానికొస్తున్నా. సింగపూర్ సంగతులు తీరిగ్గా మాట్లాడుకుందాం," అన్నాడు. వెంకటేశ్వరమ్మ ఆ భోజనానికి ఊళ్లో పెద్దమనుషుల్ని కూడా పిలిచి కూర్చుంది.

బాషా ముందుగా ఇటుకంత ఇంగ్లీషు పుస్తకం తీశాడు. మిరపబస్తాని పైపైన చూసి బేరమాడేవాడు బాగుపడడని మిర్చి యార్డులో అంటారు. మధ్యలోకి చెయ్యి దూర్చి పిడికెడు తియ్యాలి. యలమందయ్య పుస్తకాన్ని కూడా సరిగ్గా మధ్యకి తెరిచాడు. హోటళ్ల అద్దెలు, వీసా ఆఫీసు అడ్రసులు, విమానాల వేళలు కనిపించాయి.

"ఇవన్నీ నాకెందుకండీ? టూరు పెట్టింది కంపెనీ."

"అవునవును. అవి కంపెనీవాళ్లే చూసుకుంటారు," అని బాషా ఒప్పుకున్నాడు.

రెండోదాంట్లో నున్నటి కాగితం, పేజీకో రంగుల బొమ్మ. యలమందయ్యకి బొమ్మల మీద నమ్మకం లేదు. తన కొట్లో డబ్బాల మీద పురుగు వెల్లకిలా పడి చచ్చి ఉంటుంది. చేలో అదే పురుగు ఆ డబ్బా మీదెక్కి షికారు చేస్తుంది. అమ్మేవాడికి తెలియదా?

"అక్కడి సింహం విగ్రహం నోట్లోంచి నీళ్లు పడతాయని అందరికీ తెలుసండీ. దగ్గర నిలబడితే తుంపర మీద పడుతుందా లేదా, అది రాశారా?"

బాషా కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇంత లోతుగా అడిగినవాళ్లు లేరండీ."

"వాన ఏ వేళకొస్తుంది, వీధిలో ఏం వాసనేస్తుంది, ఎక్కడ నడిస్తే కాళ్లు పీకుతాయి. అలాంటివి కావాలి."

"అవి వెళ్తే ఎలాగూ తెలుస్తాయిగా?"

యలమందయ్య ఆ బొమ్మల పుస్తకం పక్కన పెట్టేశాడు. తెలుగులో ఏమైనా ఉందా అనడిగాడు.

అడుగు అరలో దుమ్ము కొట్టుకుని ఒకటి దొరికింది. నేతచీరలు అమ్ముకోవడానికి చీరాల నుంచి సింగపూర్ వెళ్లొచ్చిన ఒకావిడ రాసుకున్న చిన్న పుస్తకం. మధ్యకి తెరిచాడు. మధ్యాహ్నం ఎండ కాస్తూ కాస్తూ ఉండగానే వాన దంచిందట. ముళ్ల పనసలాంటి పండొకటి కంపు కొడుతుందని దాన్ని రైలెక్కనివ్వరట. పెసరట్టు అడిగితే దోసె తెచ్చిపెట్టారట. చెప్పు తెగితే కుట్టేవాడి కోసం వీధులన్నీ తిరిగిందట.

యలమందయ్య మొహం వెలిగింది. "చెప్పు తెగింది, కుట్టేవాడు దొరకలేదు," అని గొణుక్కుంటూ తన ఎడమకాలి చెప్పు వంక చూసుకున్నాడు.

"ఇదీ పుస్తకమంటే. ఆదివారానికి కంఠతా వస్తుందంటారా?"

"పరీక్షేమైనా ఉందా ఏంటండీ?" అని నవ్వాడు బాషా.

"పరీక్షే అనుకోండి. మా బావమరిది దిద్దుతాడు."

బాషా పుస్తకాన్ని పేపర్లో చుట్టి ఇచ్చాడు. ఇంత శ్రద్ధగల ప్రయాణికుణ్ణి పంపుతున్నందుకు ఆయనకీ సంతోషంగానే ఉంది. "వెళ్లొచ్చాక ఓసారి కనపడండి. ఇందులో రాసింది నిజమో కాదో మీ నోట వింటాను."

అలాగేనని తలూపి, గోడ పట్టుకుని మెట్లు దిగాడు యలమందయ్య.

మద్రాసు ఎయిర్‌పోర్టులో విమానం గాల్లోకి లేవడం చూసి బెదిరి, కడుపునొప్పని చెప్పి వెనక్కి తిరిగి, టూరు రోజులన్నీ చీరాల లాడ్జిలో తలుపేసుకుని పడుకున్న యలమందయ్య, "సింగపూర్ నుంచి" తిరిగొచ్చి ఊరివాళ్ల చేత మెడలో దండ వేయించుకుని అప్పటికి మూడు రోజులైంది.