తోడేలు పున్నమి

ఏడాదిలో వచ్చే పున్నములన్నిటినీ బడి హాలు గోడ మీద, పడమటి దేశాలవాళ్లు పిలిచే పేర్లతో సహా వేసింది పెయింటరమ్మ. పూల పున్నమి, కోతల పున్నమి, మంచు పున్నమి. చివరిగా మిగిలిన తోడేలు పున్నమి కూడా ఈ రాత్రితో పూర్తయింది. అలవాటు ప్రకారం లైటార్పి చూసుకుంది.

ఆ ఒక్క చంద్రుడూ వెలుగుతూనే ఉన్నాడు. వెనక్కి తిరిగితే, తన నీడ నేల మీద పొడుగ్గా పడి ఉంది.

భయపడాల్సింది పోయి ఆమె పొంగిపోయింది. "డబ్బా రంగుతో వెన్నెల కాయించాను! నా చెయ్యా, మజాకా!"

బయటి నుంచి వాచ్‌మన్ కేకేశాడు. "అక్కా, తాళం వేసేస్తా. లోపల నువ్వొక్కదానివేగా?"

అవునని చెప్పబోయి ఆగిపోయింది. ఆమె నీడ పక్కనే, చెవులు రిక్కించుకుని ఇంకో నీడ కూర్చుని ఉంది.

తోడేలును ఆమె వెయ్యనే లేదు. చంద్రుడి కింద పేరు రాసింది, అంతే.

ఎంత బాగా రాసిందో!