ఎర్రమట్టి పూయని చోటు

మంజీరకు మళ్లీ వరదొస్తే ఏ ఇంటికి ఎంత ప్రమాదమో అంచనా వేయడానికి సర్కారు మనిషి అస్లం ఒడ్డు మీది ఊరికి వచ్చాడు.

దేవవ్వ ఇంటిగోడకు దసరా పండుగకని కొత్తగా ఎర్రమట్టి పూసి ఉంది. మొన్నటి వానకాలం వరద మరక దగ్గర మాత్రం జానెడు మేర పాతమట్టే ఉంది.

అస్లం టేపు పెట్టి కొలిచాడు.

“రొమ్ముబంటి నీళ్లే వచ్చినయక్కా. మనుషులు మునగరు.”

గుర్తుకని సుద్దముక్కతో గీత గీయబోతే, దేవవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

“గీడ గీయకు సారూ.”

మరకకు కొంచెం పైన, చిన్న అరచేతి అచ్చు ఉంది.

“నిరుడు పండుగకు నేను మట్టి పూస్తుంటే నా బిడ్డ ఒత్తింది. మునివేళ్ల మీద నిలవడి సెయ్యెత్తితే, గీడిదాకనే అందుతుండె.”