కెటిల్ గుట్ట, అరగంట

ఆస్ట్రేలియాలోని బెండిగో ఊరి గ్రంథాలయం వెనుక గదిలో గురువారం గురువారం ఒక గుట్ట శత్రువుల పాలయ్యేది.

ఆ గుట్టకు సృష్టిస్థితిలయకారకుడు లాక్లన్ ట్రెలోర్. పగలు బడిలో చరిత్ర పాఠాలు చెప్పేవాడు. తక్కిన వేళల్లో భోజనపు బల్లంత సామ్రాజ్యానికి ఏలిక.

వియత్నాం యుద్ధంలో ఆస్ట్రేలియా సైనికులు ‘కెటిల్’ అని పేరు పెట్టుకున్న గుట్ట అది. దాన్ని పటం మీద పాచికలతో, సైనికులకు బదులు అట్టముక్కలతో ఇద్దరాడే ఆటగా మలచడానికి అతనికి ఆరేళ్ళు పట్టింది. ఒకరు తెల్లారేదాకా గుట్టను కాపాడాలి, మరొకరు పట్టుకోవాలి. కాపాడేవారు గుట్ట దిగారా, ఓడినట్టే.

చరిత్రలో మాత్రం దిగారు. ఒక కుర్ర లెఫ్టినెంటు పైనుంచి ఆజ్ఞ రాకముందే తన దళాన్ని వానలో కిందికి నడిపించుకొచ్చాడు. సైన్యం అతన్ని సాగనంపింది. పత్రికలు పిరికివాడన్నాయి. ఆపైన అతని ఊసు ఎవరికీ పట్టలేదు.

మెల్‌బోర్న్‌లోని పంపిణీదారు రెండు షరతులు పెట్టాడు: ఆట అరగంటలో ముగియాలి, ఇరుపక్షాలకూ గెలిచే అవకాశం సమంగా ఉండాలి. లేదంటే ఆరేళ్ళ తపస్సు అటకెక్కవలసిందే.

మొదటి షరతు నెరవేరింది. రెండోదాన్ని గురువారం ఆటలతో పరీక్షిస్తుంటే, దానికి అడ్డుగా స్నో కూర్చున్నాడు.

తల ముగ్గుబుట్టయిన ఆ పెద్దాయన ఒక గురువారం వానకు తలదాచుకోవడానికన్నట్టు లోపలికి వచ్చి, బల్లమీది పటం చూసి ఆగిపోయాడు. తనను స్నో అంటారన్నాడు. ఆ ఊళ్ళో అంతకుమించి అడిగితే ఆరా తీసినట్టే.

ఎప్పుడూ గుట్టపక్షమే కోరుకునేవాడు. ఎప్పుడూ చివరిదాకా దిగకుండా నిలిచి ఓడేవాడు. చచ్చిన అట్టముక్కలను అందరిలా డబ్బాలోకి విసరక, ఒక్కొక్కటే బల్ల అంచున వరుసగా పేర్చేవాడు.

“మళ్ళీ ఆడదామా?” అనేవాడు.

స్నో చేతిలో గుట్ట ఉంటే శత్రువు తాపీగా టీ తాగి రావచ్చని అక్కడ ఆడే క్లబ్బువాళ్ళు నవ్వుకునేవారు. ఆట ప్రచారం బాధ్యత చూసే లాక్లన్ భార్య నెరిడా, పోనీ పాపం ఆడుకోనీ అని సర్దిచెప్పింది. లాక్లన్‌కు ఆ ఓపిక నశించింది.

“పెద్దాయనా, ఏమీ అనుకోకండి. ఈ ఆట మీకు లొంగేలా లేదు. వచ్చేవారం ఆ కుర్చీ ఇంకొకరికిద్దాం.”

స్నో నొచ్చుకోలేదు. పటం మీంచి చూపు తిప్పలేదు.

“ఒక్క మాట చెప్పు అబ్బాయ్. పాచికలన్నీ నావైపే పడ్డాయనుకో. అప్పుడైనా తెల్లారేదాకా నిలవగలనా?”

పండితుడికి ప్రశ్న దొరికితే పండగే. ఇరుసైన్యాల దస్తావేజులనూ తాను జల్లెడ పట్టిన వైనమంతా లాక్లన్ సవిస్తరంగా వర్ణించి, చివరికి గొంతు తగ్గించాడు.

“నిలవలేరు. ఆనాడు ఉండిపోయి ఉంటే ఒక్కడూ మిగిలేవాడు కాదు. ఈ మాట కొనేవాళ్ళ చెవిన వేయకండేం.”

“నిక్కచ్చిగా తెలుసా?”

“అవతలి సైన్యం కాగితాలే చెబుతున్నాయి.”

స్నో టోపీ తీసి, లాక్లన్ చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు.

“చాలు నాయనా. ఇక ఆడను.”

ఓటమిని ఇంత హుందాగా ఒప్పుకున్నవాణ్ణి చూడలేదనుకున్నాడు లాక్లన్.

ఆపైన, చరిత్ర పంపని హెలికాప్టరును ఆ గుట్టకు తానే ప్రసాదించాడు. గుట్ట సగంసార్లు నిలవసాగింది. పంపిణీదారు సంతోషించాడు. పెట్టె మూతకు నెరిడా ఒక వాక్యం కూర్చింది: ‘ఆ పిరికి లెఫ్టినెంటు దిగిపోయాడు. మీరు నిలుస్తారా?’

ఆ వాక్యాన్ని మెచ్చనివారు లేరు. క్రిస్మస్‌లోపే సరుకంతా చెల్లిపోయింది.

ఎండలు తగ్గుతుండగా స్నో కన్నుమూశాడని తెలిసింది. లాక్లన్‌కు మనసు చివుక్కుమంది. ఎంతైనా తన ఆటను అంతగా ప్రేమించినవాడు. ఇంట్లోవాళ్ళకు ఇద్దామని కొత్త పెట్టె ఒకటి చంకన పెట్టుకుని అంత్యక్రియలకు బయలుదేరాడు. వెనుక నలుగురైనా ఉంటారో లేదో అనుకున్నాడు.

చర్చిలో నిలబడడానికి చోటు లేదు. పెర్త్ నుంచి, డార్విన్ నుంచి వచ్చిన ముసలివాళ్ళు. వాళ్ళ బిడ్డలు, బిడ్డల బిడ్డలు. చేతికర్ర పట్టుకున్న ఒక ముసలాయన బల్లమీద జరిగి లాక్లన్‌కు కూర్చోవడానికి కాస్త చోటిచ్చాడు.

మీరంతా ఆయన చుట్టాలా అని లాక్లన్ మెల్లగా అడిగాడు.

ఆయన పెట్టె మూతమీది అక్షరాలు చదివాడు. దాన్ని లాక్లన్ ఒళ్ళోనే నెమ్మదిగా బోర్లించాడు.

“చుట్టాలం కాదు బాబూ. ఆ వానలో మమ్మల్ని గుట్ట దించి తీసుకొచ్చిన లెఫ్టినెంటు ఈయనే.”