చన్నీళ్ల జబ్బు

గుండుసూది తలకాయ గోటి మీద ఆనిందో లేదో, ఆయన కుర్చీలోంచి జానెడెత్తు లేచాడు.

"అక్కడే డాక్టరూ, సరిగ్గా అక్కడే," అన్నాడు బావమరిదితో, ఉంగరపు వేలిని గుప్పిట్లో దాచుకుంటూ.

పక్కనే ఉన్న ఆయన భార్య నవ్వాపుకుంది. పెళ్లయిన కొత్తలో లేని ఈ నొప్పి, పనిమనిషి మానేసిన వారానికే పుట్టుకొచ్చింది. చన్నీళ్లు తగిలితే ప్రాణం పోతుందట. అప్పట్నుంచీ అంట్లన్నీ ఆవిడ నెత్తినే పడ్డాయి. కట్టుకున్నవాడు అబద్ధాలకోరో కాదో ఇవాళ తేలిపోవాలి. అందుకే చర్మవైద్యుడైన తమ్ముడికి ముందే నూరిపోసింది. "నోరు తిరగని జబ్బు పేరొకటి చెప్పి కత్తి చూపించరా. దెబ్బకి దయ్యం వదులుతుంది."

తమ్ముడు భూతద్దంతో గోటిని చాలాసేపు చూశాడు. బీపీ పట్టీ జబ్బకు బిగించి, మళ్లీ అక్కడే సూది ఆనించాడు. ఆయన కిమ్మనలేదు.

"నొప్పి లేదా బావా?"

"విచిత్రంగా ఉంది, లేదు."

దొరికాడు దొంగ, అరవడం మరిచిపోయాడు అనుకుంది ఆవిడ.

తమ్ముడు మొహం గంభీరంగా పెట్టాడు. "రక్తం ఆపితే నొప్పి ఆగుతోంది. ఇది గ్లోమస్ ట్యూమర్ బావా. గోరు కింద రక్తనాళాల దగ్గర పుట్టే గడ్డ. చాలా అరుదు. నేను చూడడం ఇదే మొదలు."

ఈ పేరెక్కడ పట్టాడో వీడు, అని ఆవిడ మురిసిపోయింది.

"మాత్రలుంటాయిగా?"

"ఉండవు. గోరు లేపి, కోసి తియ్యాలి."

ఆయన తెల్లబోయాడు. "మత్తిస్తావుగా?"

"ఆ మత్తు సూదీ వేలికే బావా."

ఆయన చటుక్కున లేచి, మూల సింకులో కుళాయి తిప్పి, అక్కడున్న టీ కప్పులు తోమడం మొదలుపెట్టాడు. "బావా, ఆ నీళ్లు..." అనబోయిన తమ్ముడి కాలు తొక్కింది ఆవిడ.

"తగ్గిపోయింది. హాయిగా ఉంది," అన్నాడాయన పళ్లు బిగించి నవ్వుతూ. కళ్లల్లోంచి నీళ్లు ధార కడుతున్నాయి.

"ఏడుస్తున్నారేంటండీ?"

"ఆనందంతో. ఇకమీదట మనింట్లో అంట్లు నావి."

ఆయన స్కూటర్ తియ్యడానికి బయటికి వెళ్లగానే ఆవిడ తమ్ముడి వీపు తట్టింది. "నాటకాల్లో చేరాల్సినవాడివిరా. అంత చక్కగా అబద్ధం ఎలా ఆడావు?"

తమ్ముడు కిటికీలోంచి బావ వంకే చూస్తున్నాడు.

"నేను అబద్ధం ఆడలేదక్కా."