పట్టికల పెద్దమ్మ

కొత్త రకం డేటాబేస్ రాదు కనుకనే ఆమె పాతదాన్ని పట్టుకుని వేలాడుతోందని ఆఫీసులో అందరూ నమ్మారు.

ఆమె వచ్చి మూడు వారాలే అయింది. రక్తనిధి సాఫ్ట్‌వేర్ ఎందుకు మొరాయిస్తోందో చూడటానికి ఒప్పందం మీద వచ్చింది. పాత డేటాబేస్‌లో దాతల వివరాలు పట్టికల్లో ఉండేవి. వాటినే వెనకేసుకొస్తున్నందుకు చాటుగా ‘పట్టికల పెద్దమ్మ’ అని పేరు పెట్టారు.

“దాతను వెతకడానికి పాతదానిలో పన్నెండు సెకన్లు. పట్టికలు లేని కొత్తదానిలో రెప్పపాటు!” అన్నాడు మేనేజరు.

“దాతలు ఎంతమంది?”

“ఎనభై వేలు.”

“కొత్తదానిలో రక్తం గ్రూపుకి సూచిక పెట్టారు, పుస్తకం చివర పేజీ నంబర్ల జాబితాలాగా చప్పున వెతికిపెట్టడానికి. పాతదానికి పెట్టారా?”

“లేదు.”

“ఒకడికి బూట్లిచ్చి, రెండోవాడిని ముళ్లలో పరిగెత్తించి పందెం అంటే ఎలా బాబూ?”

ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు ముఖం ఎర్రబడింది.

ఆమె పాతదానిలో ఒకే ఒక్క ఆదేశం టైపు చేసి సూచిక పెట్టింది. మళ్లీ వెతికింది.

రెప్పపాటే పట్టింది.

“చూశారా? రెండూ ఒకటే. పైగా మీ కొత్త అమరికలో దాత ఫోన్ నంబరు మూడుచోట్ల ఉంది. ఒకచోట మార్చి, మిగతా రెండూ మర్చిపోతే? రక్తం కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకున్నవాళ్లకి ఏ నంబరిస్తారు?”

“అదంతా తర్వాత మేడమ్. కొత్తదే వేగమని సంతకం పెట్టండి. లేదంటే మీ ఒప్పందం ఇవాళ్టితో సరి.”

“అబద్ధానికి పెట్టను.”

“మీకది రాదని ఒప్పుకోవచ్చుగా!”

“నాకొచ్చినా రాకపోయినా అంకె మారదు బాబూ.”

గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టి, కళ్లజోడు సర్దుకుని ఆమె వెళ్లిపోయింది. ఎవరూ ఆపలేదు.

మర్నాడు పైవాళ్లు మేనేజరును ఒకటే అడిగారు: “ఈ కొత్త డేటాబేస్ మనకు తగినదేనని దాని మాన్యువల్లో ఎక్కడుంది?”

అతను ఆ మాన్యువల్‌ను మొదటిసారి తెరిచాడు.

తొలి అధ్యాయం పేరు, ‘ఇది ఎవరికి అక్కర్లేదు’. పట్టికల్లో హాయిగా ఇమిడే మధ్యస్థాయి పనులకు దీన్ని వాడవద్దని అందులో స్పష్టంగా రాసి ఉంది.

దాని కింద, ఆ డేటాబేస్‌ను తొలుత రూపొందించిన ఇంజనీరుగా, అదే కళ్లజోడుతో పట్టికల పెద్దమ్మ ఫోటో ఉంది.