డీజిల్ ట్యాంకు మూత

డీజిల్ ట్యాంకు మూత మళ్ళీ వదులుగా ఉంది.

అమ్మను ఆస్పత్రి నుంచి తీసుకొచ్చిన మాస్టారు తిప్పి చూశారు. సరిగ్గా అర చుట్టు వదులు. అంచున తడి. వేలితో తీసి వాసన చూశారు. డీజిలే!

"దొంగ వెధవ!" అని పళ్ళు నూరుతూ ఎప్పటిలాగే గట్టిగా బిగించారు.

ఇరవయ్యేళ్ళుగా పరీక్ష హాళ్ళలో పిల్లల మేజోళ్ళలోంచి చీటీలు లాగిన మనిషాయన. ఎవరు తుమ్మినా అనుమానమే.

కారు పాతది. ట్యాంకు మూతకు తాళమైనా లేని కాలం నాటిది. అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాలని డాక్టరు చెప్పగానే, ఆటోలో కుదుపులకు ఆవిడ తట్టుకోలేదని, బ్రోకరు చూపిస్తే కొనేశారు.

కొన్న వారానికే దాని అసలు గుణం బయటపడింది. అరగంట బుద్ధిగా నడుస్తుంది. తర్వాత రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. చాలాసేపు బతిమాలితే మళ్ళీ కదులుతుంది.

మెకానిక్ ఫిల్టరు మార్చాడు. పైపులు మార్చాడు. చేతి పంపు కొట్టి లైన్లో గాలి తీశాడు.

"ఇంజనుకు డీజిల్ అందట్లేదు మాస్టారూ. ఎక్కడ ఆగుతోందో అంతు చిక్కట్లేదు" అని తల గోక్కున్నాడు.

మాస్టారి బెంగంతా అమ్మ గురించే. ఒక్క డయాలసిస్ తప్పినా ఒంట్లో నీరు చేరి ఊపిరాడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. కారెక్కిన ప్రతిసారీ ఆయన ప్రాణాలు అరచేతిలో ఉంటున్నాయి.

అదృష్టం కొద్దీ ఈ రెండు వారాలూ ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఆగలేదు. వేరే పనుల మీద తీసినప్పుడే నడిరోడ్డు మీద పరువు తీస్తోంది.

"నేనెక్కితే దానికీ భయమేరా" అని నవ్వింది అమ్మ.

మాస్టారు నవ్వలేదు. మూత వదులయ్యేది ఆస్పత్రికి వెళ్ళే మంగళ, గురు, శనివారాల్లోనే. అంటే ఎవడో తమ రాకపోకలన్నీ కనిపెడుతున్నాడు.

శనివారం పొద్దున్నే కిటికీ తెర చాటున మాటు వేశారు.

ఆరున్నరకు, నెరిసిన గడ్డంతో, బక్కపల్చటి ముసలాయన వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. మూత మీద చెయ్యి వేశాడు.

మాస్టారు ఒక్క ఉదుటున వీధిలో పడ్డారు.

"దొరికావా! డబ్బా ఎక్కడ దాచావు?"

"డబ్బా ఏంటి బాబూ? ఈ మూత ఉంది చూశారూ..."

"మూత సంగతి నాకు చెబుతావా? ఏదీ, చేతులు చూపించు!"

ముసలాయన చూపించాడు. డీజిల్ వాసన గుప్పుమంది.

"ఇంకా బుకాయిస్తావా?"

ఆ అరుపుకు ఎదురింటి తలుపులు తెరుచుకున్నాయి.

"ఒక్క మాట వినండి బాబూ. మీ అమ్మగారికి..."

"మా అమ్మ మాటెత్తావంటే పళ్ళు రాలగొడతా! ఇంకోసారి ఈ వీధిలో కనిపిస్తే పోలీసులకు పట్టిస్తా!"

జనం చూపులకు ముసలాయన కుంచించుకుపోయాడు. తల దించుకుని వెళ్ళిపోయాడు.

"కాటికి కాళ్ళు చాపుకున్న వయసులో ఇదేం బుద్ధి!" అంటూ మాస్టారు ఉన్న బలమంతా పెట్టి మూత బిగించారు.

ఎనిమిదింటికి అమ్మను ఎక్కించుకుని బయల్దేరారు. దారిలో ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఏ మోసగాడో అనుకుని కట్ చేశారు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశారు.

వంతెన మధ్యలో కారు దగ్గింది. ఆగింది.

"ఏమైందిరా?"

"ఏం లేదమ్మా, ఇప్పుడే కదులుతుంది."

కదల్లేదు. వెనక హారన్లు. అమ్మ సీటుకు చేరగిలబడి ఎగశ్వాస పీలుస్తోంది. మాస్టారికి ముచ్చెమటలు పోశాయి.

ఫోన్ చేస్తే మెకానిక్ బండేసుకుని వచ్చాడు. పంపు చూశాడు. ఫిల్టరు చూశాడు. చివరికి ఏం తోచక ట్యాంకు మూత తిప్పాడు. సుయ్యిమని గాలి లోపలికి దూరింది.

"ఓరి నా బుద్ధి మండా! ఇది ఈ బండి మూత కాదు మాస్టారూ! అసలు మూతకు గాలి పోయే సన్న కన్నం ఉంటుంది. దీనికి లేదు."

"అయితే?"

"నూనె డబ్బాకు ఒకటే కన్నం పొడిస్తే నూనె పడుతుందా? ఇదీ అంతే. లోపలికి గాలి పోతేనే డీజిల్ బయటికొస్తుంది. కొత్తది తెచ్చేదాకా అర చుట్టు వదులుగా పెట్టుకోండి."

అర చుట్టు! మాస్టారు తన చేత్తోనే మూతను అంత వదులు చేశారు.

గంటన్నర ఆలస్యంగా ఆస్పత్రి చేరారు. నర్సు పరుగున వచ్చి అమ్మను మంచం మీదికి చేర్చి మిషన్ తగిలించింది. ఆవిడ ఊపిరి కుదుటపడ్డాక మాస్టారి వైపు తిరిగింది.

"మూత బిగించేశారా సార్?"

మాస్టారు నిర్ఘాంతపోయారు. "నీకెలా తెలుసమ్మా?"

"పొద్దున ఆ పెద్దాయన వచ్చారు. 'నన్ను దొంగనుకుంటున్నారమ్మా, నువ్వైనా చెప్పు' అన్నారు. నా ఫోన్ నుంచి రెండుసార్లు చేశాను. మీరు కట్ చేశారు. మీ అమ్మగారు వచ్చే రోజులు కూడా నన్నడిగే తెలుసుకున్నారు."

మాస్టారు సిగ్గుతో చితికిపోయారు.

"ఎక్కడున్నాడమ్మా ఆయన? వెళ్ళి కాళ్ళ మీద పడతాను."

"వెళ్ళిపోయారు సార్. దొంగ అనిపించుకున్న ఊళ్ళో ఉండలేనన్నారు. చేతిలో సంచి కూడా ఉంది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు."

"అసలెవరమ్మా ఆయన?"

నర్సు అమ్మ పడుకున్న మంచం వైపు చూసింది.

"మీ కారు ఇదివరకు ఆయనదే సార్. డీజిల్ దొంగల భయంతో ఆ గట్టి మూత కొని పెట్టింది తనేనట. దానివల్లే కారు ఆగుతోందని అమ్మేశాక ఎవరో చెబితే గానీ ఆయనకు తెలియలేదు. ఆ మాట మీకు చెప్పే మొహం లేకే చాటుగా వచ్చి వదులు చేస్తున్నారట. అమ్మకముందు ఒకరోజు అది దారిలో ఆగిపోయి, ఇప్పుడు మీ అమ్మగారు పడుకున్న ఈ మంచం దాకా రాలేక, ఆయన భార్య ఆ కారులోనే పోయింది."